నెట్‌వర్క్ ఫైల్ పాత్‌లు, స్టాండర్డ్ లైబ్రరీలు

ఒక కంప్యూటరులో ఉన్న ఫైలును నెట్‌వర్కులోని మరో కంప్యూటరు నుంచి తెరవడానికి రాసే చిరునామాను నెట్‌వర్క్ పాత్ అంటారు. విండోస్‌లో దీనికి స్థిరపడిన రూపం యూఎన్‌సీ, అంటే యూనివర్సల్ నేమింగ్ కన్వెన్షన్. రెండు బ్యాక్‌స్లాష్‌లు, వాటి వెనక సర్వర్ పేరు, ఆ సర్వర్ బయటివాళ్లకు తెరిచి పెట్టిన షేర్ పేరు, ఆపైన మామూలు ఫోల్డర్లు, చివర ఫైలు పేరు: \\గోదాము\లెక్కలు\మార్చి\జీతాలు. ఇక్కడ గోదాము సర్వర్, లెక్కలు షేర్.

చూడటానికి ఇది నాలుగు ముక్కల వరుస. నిజానికి మొదటి రెండూ కలిసి ఒకే ముక్క. గోదాము ఒక ఫోల్డరు కాదు, లెక్కలు దాని లోపల ఉన్న ఫోల్డరూ కాదు. ఆ జంట పూర్తయిన చోటే ఫైళ్ల చెట్టుకు వేరు. సీ:\మార్చి అన్న పాత్‌లో సీ: చేసే పనిని ఇక్కడ \\గోదాము\లెక్కలు మొత్తంగా చేస్తుంది. పాత్‌లను కలిపే, విడదీసే, శుభ్రం చేసే ఫంక్షన్లు ప్రతి ప్రోగ్రామింగ్ భాష స్టాండర్డ్ లైబ్రరీలోనూ ఉంటాయి. నెట్‌వర్క్ పాత్‌ల విషయంలో అవి చేసిన తప్పులను వరసగా చూస్తే, చాలావాటికి మూలం ఈ ఒక్క సరిహద్దును తప్పుచోట గీయడమే.

పుట్టుక

గ్యారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టంలో డిస్కులను ఏ, బీ, సీ అక్షరాలతో పిలిచేవారు. 1981లో వచ్చిన డాస్ తొలి కూర్పు ఆ అలవాటును అలాగే తీసుకుంది. అప్పటికి ఫోల్డర్లు లేవు. 1983లో డాస్ 2.0 యూనిక్స్ తరహా ఫోల్డర్ల చెట్టును తెచ్చింది కానీ, యూనిక్స్‌లో ఫోల్డర్లను విడదీసే స్లాష్ అప్పటికే డాస్ కమాండ్లలో స్విచ్‌ల గుర్తుగా పాతుకుపోయింది. అందుకే బ్యాక్‌స్లాష్ వచ్చింది. అయితే ఆపరేటింగ్ సిస్టం లోపలి పిలుపులు మాత్రం రెండు స్లాష్‌లనూ ఒప్పుకున్నాయి, ఇప్పటికీ ఒప్పుకుంటున్నాయి. విండోస్ పాత్‌ను చదివే ఏ లైబ్రరీ అయినా రెండింటినీ సమానంగా చూడాల్సి రావడానికి కారణం ఇదే. //గోదాము/లెక్కలు అని రాసినా అది యూఎన్‌సీయే.

ఐబీఎంలో బారీ ఫైగెన్‌బామ్ 1980ల తొలి సగంలో నెట్‌వర్కులో ఫైళ్లను పంచుకునే ఎస్‌ఎంబీ ప్రొటోకాల్‌కు రూపం ఇచ్చాడు. 1984-85 ప్రాంతంలో వచ్చిన డాస్ 3.1తో నెట్‌వర్కు మీది ఫైళ్లను తెరిచే ఏర్పాటు మామూలు డాస్ ప్రోగ్రాములకూ అందింది. తర్వాత లాన్ మేనేజర్, విండోస్ ఎన్‌టీ అదే బాటలో నడిచాయి. 1990ల మొదట్లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సాంబా వల్ల యూనిక్స్, లినక్స్ సర్వర్లు కూడా ఈ రూపంలో పిలిస్తే పలకడం నేర్చుకున్నాయి.

యూనిక్స్ సంప్రదాయం వేరు. అక్కడ దూరపు ఫైళ్లను ఎన్ఎఫ్ఎస్ వంటి పద్ధతులతో సొంత చెట్టులోనే ఒక కొమ్మగా అతికిస్తారు. పాత్‌ను చూసి ఫైలు ఏ యంత్రంలో ఉందో చెప్పలేం, చెప్పాల్సిన అవసరమూ లైబ్రరీకి రాదు. అయినా యూనిక్స్ తరహా సిస్టంలకు ఉమ్మడిగా ఉన్న పోసిక్స్ ప్రమాణంలో ఒక చిన్న కిటికీ తెరిచే ఉంది. పాత్ సరిగ్గా రెండు స్లాష్‌లతో మొదలైతే దానికి ఏ అర్థం ఇవ్వాలో ఆ సిస్టం ఇష్టం. మూడుగానీ, అంతకంటే ఎక్కువగానీ ఉంటే అన్నీ కలిపి ఒక్క స్లాష్‌తో సమానం. అపోలో డొమైన్ వర్క్‌స్టేషన్లు 1980లలో రెండు స్లాష్‌ల వెనక యంత్రం పేరు రాసేవి. సిగ్విన్ నేటికీ ఆ వెసులుబాటునే వాడుకుని విండోస్ షేర్లను చూపిస్తుంది. పైథాన్ పోసిక్స్ లైబ్రరీలో నార్మ్‌పాత్ ఫంక్షనుకు రెండు స్లాష్‌ల పాత్ ఇస్తే రెండూ ఉంచుతుంది, మూడిస్తే ఒకటికి తగ్గిస్తుంది. ఇది పొరపాటు అనుకునేవారు చాలామంది ఉన్నారు, కానీ అది ప్రమాణాన్ని అక్షరాలా పాటించడం.

రెండు బ్యాక్‌స్లాష్‌ల వెనక ఏముంటుంది

విండోస్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యేదంతా నెట్‌వర్క్ పాత్ కాదు. \\.\ అన్నది పరికరాల లోకానికి తలుపు. అదే యంత్రంలోని నేమ్‌డ్ పైప్‌లను \\.\పైప్\ అంటూ తెరుస్తారు. \\?\ అన్నది పాత్‌ను మార్పులేమీ చేయకుండా ఉన్నదున్నట్టు ఫైల్ సిస్టంకు పంపమన్న సూచన. ఈ రెండింట్లోనూ చుక్క, ప్రశ్నార్థకం సర్వర్ పేర్లు కావు. రెండు స్లాష్‌లు కనపడగానే "తర్వాతి ముక్క సర్వర్" అని తీర్మానించే కోడ్ ఇక్కడే బోల్తా పడుతుంది.

ఇక నిజమైన యూఎన్‌సీలో కూడా మొదటి ముక్క ఎప్పుడూ ఒక యంత్రం పేరే అవ్వాలని లేదు. డీఎఫ్ఎస్ వాడే సంస్థల్లో అక్కడ డొమైన్ పేరు ఉంటుంది, ఫైళ్లు నిజంగా ఏ సర్వర్‌లో ఉన్నాయో తెరిచేటప్పుడు తేలుతుంది. వెబ్‌డావ్ షేర్లలో సర్వర్ పేరు పక్కన @ గుర్తు, ఎస్ఎస్ఎల్ అన్న మాట చేరవచ్చు. యూఎన్‌సీలో కోలన్‌కు చోటు లేదు కాబట్టి ఐపీవీ6 చిరునామాలో కోలన్లన్నిటినీ అడ్డగీతలుగా మార్చి, చివర ఐపీవీ6-లిటరల్.నెట్ అని తగిలించి రాస్తారు. \\డబ్ల్యూఎస్ఎల్$\ అన్న పాత్ అదే యంత్రంలో నడిచే లినక్స్ ఫైళ్లను చూపిస్తుంది. అందులో నెట్‌వర్కు తీగ ఎక్కడా లేదు. విండోస్ లోపల మల్టిపుల్ యూఎన్‌సీ ప్రొవైడర్ అనే భాగం ఈ పేర్లన్నిటినీ అందుకుని, ఏ పేరుకు ఏ డ్రైవర్ జవాబు చెబుతుందో తేలుస్తుంది. స్టాండర్డ్ లైబ్రరీ ఆ పని నెత్తికెత్తుకోకూడదు. పాత్‌ను అక్షరాలుగా చదివి, వేరు ఎక్కడ ముగిసిందో చెప్పడం వరకే దాని వంతు. సర్వర్ బతికుందా, షేర్ ఉందా అన్నవి వేరే ప్రశ్నలు.

డ్రైవ్ అక్షరాల పాత్‌లలోనూ మెలికలు ఉన్నాయి. సీ:మార్చి అంటే సీ డ్రైవులో ప్రస్తుతం ఉన్న ఫోల్డరు కింద మార్చి. \మార్చి అంటే ప్రస్తుత డ్రైవు వేరు కింద మార్చి. రెండూ అరకొర పాత్‌లే. యూఎన్‌సీలో మొదటి రకం అరకొరతనానికి వీల్లేదు: షేర్‌కు ఎప్పుడూ వేరు ఉంటుంది, డ్రైవుకు ఉన్నట్టు షేర్‌కు విడిగా "ప్రస్తుత ఫోల్డరు" ఉండదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్ అయితే యూఎన్‌సీని ప్రస్తుత ఫోల్డరుగా అసలు ఒప్పుకోదు. అలాంటి చోట మొదలుపెడితే ఒక హెచ్చరిక చూపించి విండోస్ ఫోల్డరులోకి జారుకుంటుంది. బ్యాచ్ ఫైలులో ఆ తర్వాతి వరుస ఫైళ్లను తుడిచే కమాండు అయితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పుష్‌డీ కమాండు మాత్రం జెడ్: నుంచి వెనక్కి వెతుక్కుంటూ ఖాళీగా ఉన్న అక్షరాన్ని షేర్‌కు తాత్కాలికంగా తగిలించి పని జరిపిస్తుంది.

పైథాన్ నడిచిన దారి

పైథాన్ కథ వివరంగా చెప్పుకోదగ్గది, ఎందుకంటే సరిహద్దును తప్పుగా గీయడం, దిద్దుకోవడం రెండూ అందులో బహిరంగంగా కనిపిస్తాయి. విండోస్ పాత్‌ల పని చూసే ఎన్‌టీపాత్ మాడ్యూలులో మొదట రెండు వేర్వేరు ఫంక్షన్లు ఉండేవి. స్ప్లిట్‌డ్రైవ్ కోలన్‌ను చూసి డ్రైవ్ అక్షరాన్ని విడదీసేది, స్ప్లిట్‌యూఎన్‌సీ నెట్‌వర్క్ పాత్‌ను విడదీసేది. ప్రోగ్రామరు రెండింటినీ గుర్తుపెట్టుకుని, ఏది ఎప్పుడు పిలవాలో తనే తేల్చుకోవాలి. చాలామంది మొదటిదాన్నే పిలిచేవారు. అది యూఎన్‌సీకి "డ్రైవు లేదు" అని చెప్పేది, ఆ జవాబు మీద కట్టిన కోడ్ అంతా వంకరపోయేది. 3.1 నుంచి స్ప్లిట్‌యూఎన్‌సీని వద్దన్నారు, 3.7లో తీసేశారు. ఇప్పుడు స్ప్లిట్‌డ్రైవ్ ఒక్కటే చాలు: \\గోదాము\లెక్కలు\మార్చి ఇస్తే \\గోదాము\లెక్కలు ఒక ముక్కగా, \మార్చి ఇంకో ముక్కగా వస్తాయి. డ్రైవు అన్న భావనను షేర్ వరకు విస్తరించడమే ఇందులోని తెలివి.

ఆ ఒక్క నిర్ణయం నుంచి మిగతావి వాటంతటవే కుదురుకుంటాయి. \\గోదాము\లెక్కలు\మార్చికి \ఏప్రిల్‌ను జోడిస్తే జాయిన్ ఫంక్షను \\గోదాము\లెక్కలు\ఏప్రిల్ అంటుంది; వేరు మారలేదు, వేరు కిందిది మాత్రమే మారింది. \\గోదాము\లెక్కలు\..\..\మార్చిని శుభ్రం చేయమంటే నార్మ్‌పాత్ \\గోదాము\లెక్కలు\మార్చి దగ్గరే ఆగుతుంది. షేర్‌కు పైన ఎక్కడికీ వెళ్లలేం కాబట్టి రెండు చుక్కలు అక్కడ పనిచేయవు. సీ:\ కంటే పైకి వెళ్లలేకపోవడం లాంటిదే ఇది. రెండు వేర్వేరు షేర్ల మధ్య సాపేక్ష పాత్ అడిగితే రెల్‌పాత్ వాల్యూఎర్రర్ ఇస్తుంది. అలాంటి పాత్ ఉండదు గనుక ఇవ్వాల్సిన జవాబు అదే. ఇస్‌మౌంట్‌కు డ్రైవ్ వేరు ఎంతో, షేర్ వేరు అంతే: రెండూ మౌంట్ పాయింట్లే.

ఒక ఫోల్డరును, దానిపై లేని ఫోల్డర్లన్నిటినీ సృష్టించే కోడ్‌ను తీసుకోండి. అది పైకి పైకి ఎక్కుతూ, ఉన్న ఫోల్డరు దొరికినచోట ఆగి, కిందికి దిగుతూ సృష్టిస్తుంది. సరిహద్దు తెలియని కోడ్ షేర్‌ను దాటి \\గోదాము దగ్గరికి పోతుంది, ఆ పేరుతో ఫోల్డరు సృష్టించబోయి దెబ్బతింటుంది. డిర్‌నేమ్ ఫంక్షను షేర్ వేరును చేరాక తననే తాను తిరిగి ఇస్తే చాలు, ఎక్కడం అక్కడితో ఆగుతుంది. నమూనాకు సరిపోయే ఫైళ్లను వెతికే గ్లాబ్ మాడ్యూలులో ఇంకో సూక్ష్మం ఉంది. \\?\సీ: అన్న పాత్‌లో ప్రశ్నార్థకం ఉంది, గ్లాబ్‌కు ప్రశ్నార్థకం అంటే "ఏదో ఒక అక్షరం". పైగా ఆ పాత్‌ను విడదీస్తే ఎప్పుడూ అదే తిరిగి వస్తుంది. జాగ్రత్త పడకపోతే ఫంక్షను తనను తాను అంతు లేకుండా పిలుచుకుంటుంది. గ్లాబ్ సోర్సు కోడ్‌లో ఈ ప్రమాదాన్ని పేరు పెట్టి చెప్పిన వ్యాఖ్య ఉంది, అడ్డుకట్టా ఉంది.

ఆంట్వాన్ పిత్రూ ప్రతిపాదించిన పెప్ 428 ఆధారంగా 2014లో పైథాన్ 3.4తో పాత్‌లిబ్ వచ్చింది. పాత్‌ను అక్షరాల దండగా కాక ఒక వస్తువుగా చూడటం ఇందులో ప్రధానం. ప్యూర్‌విండోస్‌పాత్‌కు డ్రైవ్, రూట్, రెండూ కలిసిన యాంకర్ అని మూడు గుణాలు ఉంటాయి. యూఎన్‌సీకి యాంకర్ \\గోదాము\లెక్కలు\ అవుతుంది, యాంకర్‌కు పేరెంట్ అడిగితే యాంకరే వస్తుంది. పేర్లను పోల్చేటప్పుడు పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడదు. ఇందులో అన్నిటికన్నా విలువైనది ప్యూర్ అన్న విభజన. ప్యూర్ పాత్‌లు డిస్కునూ నెట్‌వర్కునూ తాకవు. కాబట్టి లినక్స్ యంత్రం మీద కూర్చుని విండోస్ పాత్‌ను చదవవచ్చు, లేని సర్వర్ కోసం ఎదురుచూస్తూ ప్రోగ్రాము ఆగిపోదు.

తర్వాతి కూర్పుల్లో దిద్దుబాట్లు సాగాయి. డ్రైవు, వేరు, మిగిలినది మూడూ విడివిడిగా ఇచ్చే స్ప్లిట్‌రూట్ 3.12లో చేరింది. ఒక్క స్లాష్‌తో మొదలయ్యే పాత్‌ను విండోస్‌లో సంపూర్ణ పాత్‌గా లెక్కించడం 3.13లో మానేశారు. 3.8లో వచ్చిన ఒక మార్పు మాత్రం చాలామందిని తికమకపెట్టింది. రియల్‌పాత్ కూడా, పాత్‌లిబ్‌లోని రిజాల్వ్ లాగే, అప్పటి నుంచి విండోస్‌లో లింకులను నిజంగా వెంబడించి అసలు చోటును చెబుతోంది. జెడ్: అన్న అక్షరానికి షేర్ తగిలించి ఉంటే, జెడ్:\మార్చిని రియల్‌పాత్‌కు ఇచ్చినప్పుడు \\గోదాము\లెక్కలు\మార్చి వస్తుంది. జెడ్:తో మొదలైన పాత్, యూఎన్‌సీగా మారిన పాత్ రెండింటినీ పోల్చే కోడ్ రాత్రికి రాత్రి విఫలమైంది. తప్పు రియల్‌పాత్‌ది కాదని నా అభిప్రాయం. తగిలించిన అక్షరం ఆ లాగిన్‌కు మాత్రమే చెందుతుంది. నేపథ్యంలో నడిచే సర్వీసుకు, అడ్మినిస్ట్రేటరు హోదాకు పెంచిన ప్రోగ్రాముకు అది కనపడకపోవచ్చు. నిలకడ ఉన్న పేరు యూఎన్‌సీదే.

కోడ్‌లో ఈ పాత్‌లను రాయడం కూడా ఒక పరీక్షే. మామూలు స్ట్రింగులో బ్యాక్‌స్లాష్ తప్పించుకునే గుర్తు గనుక రెండు రాస్తే ఒకటే మిగులుతుంది. "\\గోదాము" అని రాసిన ప్రోగ్రామరు చేతికి వచ్చేది \గోదాము. ఏ ఎర్రరూ రాదు, అది ప్రస్తుత డ్రైవులో లేని ఫోల్డరుగా మారి కూర్చుంటుంది. బ్యాక్‌స్లాష్ పక్కన ఇంగ్లీషు చిన్న ఎన్ అక్షరం పడితే కొత్త లైను, చిన్న యూ అక్షరం పడితే సింటాక్స్ ఎర్రరు. ముందు ఆర్ అక్షరం పెట్టిన రా స్ట్రింగులు ఈ బాధ తప్పిస్తాయి కానీ, అవి ఒంటరి బ్యాక్‌స్లాష్‌తో ముగియడానికి పైథాన్ ఒప్పుకోదు. ఫోల్డరు పాత్‌ను చివరి బ్యాక్‌స్లాష్‌తో రాసే అలవాటున్నవారికి ఇది ఎదురై తీరుతుంది.

ఇతర భాషలు

గో భాష పాత్ పేరుతో రెండు ప్యాకేజీలు ఇస్తుంది. ఒకటి స్లాష్‌లకే పరిమితం, వెబ్ చిరునామాల వంటివాటికి. రెండోది, ఫైల్‌పాత్, నడుస్తున్న సిస్టం పద్ధతిని పాటిస్తుంది. అందులో వాల్యూమ్‌నేమ్ ఫంక్షను యూఎన్‌సీకి సర్వర్, షేర్ జంటనే ఇస్తుంది. జాయిన్‌లో మంచి జాగ్రత్త ఒకటి ఉంది: మొదటి ముక్క యూఎన్‌సీ కాకపోతే, కలిపిన ఫలితం ఎట్టి పరిస్థితుల్లోనూ యూఎన్‌సీ కాకూడదు. ఒక \, దాని పక్కన \గోదాము వచ్చి కలిస్తే రెండు బ్యాక్‌స్లాష్‌లై, మన డిస్కులోని ఫోల్డరు కాస్తా ఎవరిదో సర్వర్ అయిపోయే ప్రమాదం ఇది. జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ లైబ్రరీలోని జాయిన్ కూడా ఇదే కాపలా కాస్తుంది.

గోలో భద్రతా లోపాలుగా నమోదైన రెండు సంఘటనలు చూస్తే, పాత్‌ను శుభ్రం చేయడం ఎంత సున్నితమైన పనో అర్థమవుతుంది. 2023 ఫిబ్రవరిలో దిద్దిన సీవీఈ-2022-41722లో, క్లీన్ ఫంక్షను ఏ/../సీ:/బీ అన్న అమాయకపు సాపేక్ష పాత్‌ను సీ:\బీగా మార్చేసేది. అదే ఏడాది నవంబరులో దిద్దిన సీవీఈ-2023-45283లో, \??\ అన్న అరుదైన ముందుమాటను లైబ్రరీ గుర్తించేది కాదు, అది \\?\కు సమానమైనది. ఆ దిద్దుబాటులోనే వాల్యూమ్ పేరు నిర్వచనం అనుకోకుండా మారిపోయి, \\?\సీ:\ ఇస్తే చివరి బ్యాక్‌స్లాష్ ఊడిపోవడం మొదలైంది. దాన్ని తర్వాతి విడుదలలో మళ్లీ సరిచేశారు.

రస్ట్ ఈ రకాలన్నిటినీ టైపులోనే పొందుపరిచింది. ప్రిఫిక్స్ అనే ఎనమ్‌లో ఆరు రూపాలు ఉన్నాయి: మామూలు డిస్కు, మామూలు యూఎన్‌సీ, పరికరాల లోకం, ఉన్నదున్నట్టు పంపే రూపాలు మూడు. మ్యాచ్ రాసేవారికి ఏ రకాన్నీ మరిచిపోయే వీలు లేదు. ఇంత స్పష్టంగా చెప్పిన లైబ్రరీ ఇంకొకటి లేదనే నేను అంటాను. అయితే కెనానికలైజ్ ఫంక్షను విండోస్‌లో ఎప్పుడూ \\?\ రూపంలోనే జవాబు ఇస్తుంది. ఆ రూపం తెలియని ఇతర ప్రోగ్రాములకు ఆ పాత్‌ను అందిస్తే తెల్లమొహం వేస్తాయి. డిస్కును తాకకుండా సంపూర్ణ పాత్ ఇచ్చే అబ్సల్యూట్ ఫంక్షను 2024లో 1.79తో స్థిరపడ్డాక ఈ ఇబ్బంది కొంత తగ్గింది.

సీ++ 2017 ప్రమాణంలోని ఫైల్‌సిస్టం లైబ్రరీ సరిహద్దును వేరేచోట గీసింది. మైక్రోసాఫ్ట్ కూర్పులో యూఎన్‌సీకి రూట్ నేమ్ \\గోదాము మాత్రమే. లెక్కలు అన్న షేర్ వేరు కింద మొదటి ఫోల్డరుగా కనిపిస్తుంది. పేరెంట్ పాత్ అడుగుతూ పోతే షేర్‌ను దాటి సర్వర్ దాకా ఎక్కేయవచ్చు, అక్కడ తెరవడానికి ఫైల్ సిస్టమే ఉండదు. వ్యాకరణం పరంగా సమర్థించుకోవచ్చేమో గానీ వాడుకలో ఇది ఉచ్చు. పైథాన్ నుంచి సీ++కు కోడ్ మార్చేవారు దీన్ని ముందే తెలుసుకోవాలి.

డాట్‌నెట్ లైబ్రరీలో గెట్‌పాత్‌రూట్ జంటనే ఇస్తుంది. అక్కడి చిక్కు ఇంకోచోట ఉంది: ఇస్‌పాత్‌రూటెడ్ అన్న పాత ఫంక్షను \మార్చికి, సీ:మార్చికి కూడా "అవును" అంటుంది. అది సంపూర్ణ పాత్ అని అర్థం కాదు. ఆ ప్రశ్నకు సరైన జవాబిచ్చే ఇస్‌పాత్‌ఫుల్లీక్వాలిఫైడ్ డాట్‌నెట్ కోర్ 2.1లో మాత్రమే చేరింది. జావాలో 2011 నాటి ఎన్ఐఓ పాత్ యూఎన్‌సీని అర్థం చేసుకుంటుంది, షేర్ పేరు లేని పాత్‌ను తిరస్కరిస్తుంది.

పొడవు, ప్రశ్నార్థకం

విండోస్‌లో పాత్ పొడవుకు చాలాకాలం 260 అక్షరాల హద్దు ఉంది. \\?\ వాడితే అది 32,767 వరకు పెరుగుతుంది. 2016లో విండోస్ 10 ఈ హద్దును ఎత్తివేసుకునే వెసులుబాటు ఇచ్చింది, దానికి సిస్టంలో ఒక అమరిక, ప్రోగ్రాములో ఒక ప్రకటన రెండూ కావాలి. సీ:\ పాత్‌కు ముందు \\?\ తగిలిస్తే సరిపోతుంది. యూఎన్‌సీకి అదే చేస్తే \\?\\\గోదాము అన్న పనికిరాని పాత్ తయారవుతుంది. ముందున్న రెండు బ్యాక్‌స్లాష్‌లను తీసేసి \\?\యూఎన్‌సీ\గోదాము\లెక్కలు అని రాయాలి. అక్కడ యూఎన్‌సీ అన్న మూడక్షరాలను ఇంగ్లీషులో అక్షరాలా రాస్తారు. సొంతంగా పొడవు పాత్‌ల సహాయకాన్ని రాసుకున్న ఎన్నో ప్రోగ్రాములు డిస్కు మీద పనిచేసి, షేర్ మీద విఫలమవడానికి కారణం ఇదే. పైగా ఈ రూపంలో స్లాష్‌ను బ్యాక్‌స్లాష్‌గా మార్చడం, రెండు చుక్కలను తీర్చడం వంటి సేవలేవీ ఉండవు. ముందు శుభ్రం చేసుకుని, తర్వాతే ముందుమాట తగిలించాలి.

ఫైల్ యూఆర్ఐలు

ఇదే పాత్‌ను ఫైల్: అని మొదలయ్యే యూఆర్ఐగా మార్చినప్పుడు రెండు సంప్రదాయాలు కనిపిస్తాయి. ఫైల్://గోదాము/లెక్కలు అన్నది సర్వర్‌ను యూఆర్ఐలోని అధికార స్థానంలో ఉంచుతుంది. ఫైల్:////గోదాము/లెక్కలు అన్నది ఆ స్థానాన్ని ఖాళీగా వదిలి, యూఎన్‌సీ మొత్తాన్ని పాత్‌లోకి తోస్తుంది. 2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8089 రెండూ వాడుకలో ఉన్నాయని అంగీకరించింది. జావాలో ఈ రెండూ ఒకే లైబ్రరీలో ఉన్నాయి: పాత ఫైల్ క్లాసు నాలుగు స్లాష్‌లు రాస్తుంది, కొత్త పాత్ రెండు స్లాష్‌లు రాస్తుంది. రెండు స్లాష్‌ల యూఆర్ఐని పాత క్లాసుకు ఇస్తే అధికార భాగం ఉందని ఫిర్యాదు చేసి ఆగిపోతుంది. కొత్త పాత్ ఐపీవీ6-లిటరల్ పేరును కూడా గుర్తించి, కోలన్లతో చతురస్రపు బ్రాకెట్లలో రాసే యూఆర్ఐ రూపానికి మారుస్తుంది. పైథాన్ పాత్‌లిబ్ మొదటి సంప్రదాయాన్నే పాటిస్తుంది. రాసేటప్పుడు మొదటిది, చదివేటప్పుడు రెండూ అన్నది అనుసరించదగ్గ పద్ధతి.

భద్రత

యూఎన్‌సీని తెరవబోవడమంటే ఒక సర్వర్ తలుపు తట్టి, మనమెవరో చెప్పుకోవడం. ఫైలు ఉందా లేదా అని అడిగినా చాలు, విండోస్ ఆ సర్వర్‌కు వాడుకరి గుర్తింపును నిరూపించే ప్రయత్నం చేయవచ్చు. సర్వర్ దుర్మార్గులదైతే ఆ ప్రయత్నంలో విండోస్ పంపే గుర్తింపు జవాబును (ఎన్‌టీఎల్ఎం) పట్టుకుని పాస్‌వర్డును ఊహించడానికో, మరోచోట వాడుకోవడానికో చూస్తారు. 2023 మార్చిలో మైక్రోసాఫ్ట్ దిద్దిన సీవీఈ-2023-23397 ఈ కోవదే. ఔట్‌లుక్‌లో గుర్తుచేసే గంట శబ్దానికి ఫైలు పాత్ ఇచ్చే వీలుంది. అక్కడ దుండగుల యూఎన్‌సీ పెడితే, వాడుకరి ఏమీ నొక్కకుండానే గుర్తింపు బయటికి పోయేది. అంతకుముందు 2015 ఫిబ్రవరిలో ఎంఎస్15-011 అన్న భద్రతా దిద్దుబాటుతో విండోస్ కొన్ని ముఖ్యమైన షేర్లకు పరస్పర నిర్ధారణను తప్పనిసరి చేసే ఏర్పాటు తెచ్చింది.

లైబ్రరీ వాడేవారికి ఇందులో నేరుగా తగిలే సంగతి ఒకటుంది. అప్‌లోడ్ల ఫోల్డరుకు వాడుకరి ఇచ్చిన పేరును జాయిన్‌తో కలిపే కోడ్, ఆ పేరులో రెండు చుక్కలు ఉన్నాయా అని మాత్రమే చూస్తే సరిపోదు. పేరే ఒక యూఎన్‌సీ అయితే జాయిన్ మన ఫోల్డరును పూర్తిగా పక్కకు నెట్టి దాన్నే తిరిగి ఇస్తుంది. పైథాన్‌లో ఇది పత్రాల్లో చెప్పిన నడవడికే. ముందు ప్యూర్‌విండోస్‌పాత్‌గా చదివి డ్రైవు, రూట్ రెండూ ఖాళీగా ఉన్నాయని తేల్చుకున్నాకే డిస్కు జోలికి వెళ్లాలి. గో 1.20లో వచ్చిన ఇస్‌లోకల్ ఫంక్షను ఈ తనిఖీని అక్షరాల మీదే చేస్తుంది. 1.24లో వచ్చిన ఓఎస్ రూట్ ఇంకో అడుగు వేసి, ఒక ఫోల్డరును తెరిచి దాని హద్దు దాటని పనులకే అనుమతి ఇస్తుంది.

తెలుగు పేర్లున్న షేర్లు

పైన ఉదాహరణల్లో తెలుగు పేర్లు వాడింది చదవడానికి వీలుగా ఉంటుందని మాత్రమే కాదు, షేర్లకూ ఫోల్డర్లకూ అలాంటి పేర్లు నిజంగా పెట్టుకోవచ్చు. కానీ కొన్ని చిక్కులు తెలుగుకు ప్రత్యేకంగా తగులుతాయి. విండోస్‌లో తెలుగుకు పాతకాలపు ఏఎన్ఎస్ఐ కోడ్ పేజీ లేదు, యూనికోడ్ ఒక్కటే దారి. పాత తరహా ఫంక్షన్ల గుండా వెళ్లిన తెలుగు పేరు ప్రశ్నార్థకాల వరుసగా మారుతుంది, ప్రశ్నార్థకం ఫైలు పేరులో చెల్లదు. పైథాన్‌లో బైట్లుగా ఇచ్చిన పాత్‌లకు ఈ గతి పట్టేది. 3.6లో పెప్ 529 విండోస్ మీద కూడా యూటీఎఫ్-8ను ఖాయం చేశాక సమస్య తీరింది.

రెండోది పొడవు. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఒక పేరుకు 255 యూటీఎఫ్-16 యూనిట్లు, లినక్స్ ఈఎక్స్‌టీ4లో 255 బైట్లు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్ పాయింటు మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి సాంబా సర్వర్ వెనక ఈఎక్స్‌టీ4 ఉంటే 85 కోడ్ పాయింట్లతో సరి. శ్రీ అన్న ఒక్క అక్షరమే నాలుగు కోడ్ పాయింట్లు, 12 బైట్లు. విండోస్ డిస్కు మీద చక్కగా ఒదిగిన పొడవాటి పేరు షేర్ మీదికి కాపీ కాకపోవడానికి ఇది కారణం కావచ్చు, పాత్ మొత్తం పొడవుతో దీనికి సంబంధం లేదు.

మూడోది, ఒకే రూపంలో కనిపించే వేర్వేరు పేర్లు. ఐత్వపు గుర్తును యూనికోడ్‌లో ఒకే కోడ్ పాయింటుగానూ, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిసిన జంటగానూ రాయవచ్చు. మాక్ యంత్రాల పాత హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడదీసిన రూపంలో దాచేది. అందువల్ల "రైతు" అన్న ఫోల్డరు రెండు యంత్రాల నుంచి ఒకే సర్వర్‌కు చేరితే రెండు ఫోల్డర్లుగా నిలబడగలదు. యూనికోడ్‌డేటా మాడ్యూలులోని నార్మలైజ్ ఫంక్షనుతో, కలిపి రాసే రూపమైన ఎన్ఎఫ్‌సీకి మార్చి పోలిస్తే ఈ తేడా పోతుంది. పొల్లుతో ముగిసే పేరు చివర కీబోర్డు చేర్చే కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ మాత్రం ఆ మార్పిడితో పోదు. దాన్ని పోల్చే ముందు కోడ్ విడిగా చూసుకోవాలి, కానీ పేరు మధ్యలో ఉన్నదాన్ని తీసేయకూడదు. అక్కడ అది అక్షరాల కూర్పునే మారుస్తుంది.

పరీక్షించే తీరు

నెట్‌వర్క్ పాత్‌ల కోడ్‌ను పరీక్షించడానికి రెండో యంత్రం అక్కర్లేదు. అక్షరాల మీద జరిగే పనులన్నిటికీ ఎన్‌టీపాత్, ప్యూర్‌విండోస్‌పాత్, నోడ్‌లోని పాత్.విన్32 ఏ ఆపరేటింగ్ సిస్టం మీదైనా పనిచేస్తాయి. ప్రతి ఫంక్షనుకూ కనీసం షేర్ వేరును, వేరు కింది ఫైలును, ముందుకు వాలిన స్లాష్‌లతో రాసిన అదే పాత్‌ను, \\?\యూఎన్‌సీ\ రూపాన్ని, షేర్ పేరు లేని \\గోదామును ఇచ్చి చూడాలి. నిజంగా తెరిచి చూడాల్సిన పరీక్షలకు విండోస్ యంత్రంలో అడ్మినిస్ట్రేటరు హక్కులుంటే \\లోకల్‌హోస్ట్\సీ$ అన్న పాలనా షేర్ సాధారణంగా సిద్ధంగానే ఉంటుంది. సీ:\ కింద ఉన్న ఏ ఫైలునైనా దాని గుండా యూఎన్‌సీగా తెరవవచ్చు.